కరెంటు నెయిల్ గన్‌తో బొమ్మల కొలువు మెట్లు: ఇంట్లోనే చేసుకునే పద్ధతి

దసరాకో సంక్రాంతికో కొలువు పెట్టే ఇళ్లలో మెట్ల దగ్గరికి వచ్చేసరికి ట్రంకు పెట్టెలు, స్టూళ్లు, అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పైన పట్టుచీర కప్పితే అందంగానే ఉంటుంది కానీ, కింద ఏదో ఒకటి ఊగుతూనే ఉంటుంది. 12 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒకటి, కొన్ని రీపర్లు (సన్న చెక్క పట్టీలు), జిగురు, ప్లగ్గుకు పెట్టి వాడే నెయిల్ గన్ ఉంటే మూడు మెట్లు మీరే చేసుకోవచ్చు. పండగ అయ్యాక అవే పెట్టెలు పుస్తకాలకూ పూలకుండీలకూ పనికొస్తాయి. గన్ పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మొదటి ప్రాజెక్టు నాకు తోచదు. అన్నీ తిన్నని కోతలే, తప్పు పోయినా పైన గుడ్డ కప్పేస్తాం.

మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఈ గన్ కొట్టే సన్న మేకుల్లో పెద్ద బలం లేదు. జిగురు ఆరేదాకా చెక్కను కదలకుండా పట్టుకునే మూడో చెయ్యి అవి, అంతే. అతుకుకు బలం ఇచ్చేది జిగురే. బరువు వేలాడే చోట స్క్రూ కావాలి. కుర్చీ, నిచ్చెన, గోడకు బిగించే షెల్ఫు లాంటివి ఈ మేకుల మీద ఆధారపడి ఎప్పుడూ చేయకండి.

గన్‌ను గుర్తుపట్టడం

వడ్రంగి మేస్త్రీలు ఇంటీరియర్ పనికి తెచ్చే గన్ గాలితో పనిచేస్తుంది, దానికి కంప్రెసర్ కావాలి. మనం మాట్లాడుకునేది నేరుగా 230 వోల్టుల కరెంటుతో నడిచేది. లోపల రాగి తీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఒక్క క్షణం కరెంటు పారి, ఆ అయస్కాంత శక్తి ఇనుప కడ్డీని కిందికి విసురుతుంది. కడ్డీ చివర ఉన్న పలుచటి బ్లేడు మేకును చెక్కలోకి దింపుతుంది. కంప్రెసర్ మోత ఉండదు కాబట్టి అపార్ట్‌మెంట్‌లో ఇది నయం. బలం మాత్రం గాలి గన్ కంటే తక్కువ. చాలాసేపు ఆపకుండా కొడితే కాయిల్ వేడెక్కుతుంది కూడా.

మన మార్కెట్లో దొరికే ఈ రకం గన్‌లలో చాలావరకు ఎఫ్15 నుంచి ఎఫ్30 దాకా బ్రాడ్ మేకులు, అంటే తల చాలా చిన్నగా ఉండే సన్న మేకులు తీసుకుంటాయి. ఎఫ్ పక్కనున్న అంకె మేకు పొడవు, మిల్లీమీటర్లలో. కొన్ని గన్‌లు మేకులతో పాటు యూ ఆకారపు స్టేపుల్ పిన్నులు కూడా కొడతాయి. గన్ మీద అతికించిన ప్లేటు చదివి, అందులో రాసిన సైజులే కొనండి. హార్డ్‌వేర్ షాపులో ఎఫ్30 అడిగితే దాని పక్కనే ఎస్‌టీ, టీ అని మొదలయ్యే పెట్టెలు కూడా కనిపిస్తాయి. అవి వేరే గన్‌ల మేకులు. ఎస్‌టీ రకం కాంక్రీటు మేకులను ఇందులో ఇరికించడానికి అసలు ప్రయత్నించవద్దు. అలాగే, చెక్క మేకుల గన్‌ను గోడ మీద పెట్టి కొట్టకూడదు. మేకు ఎగిరి ముఖానికి తగులుతుంది.

ముందు సాకెట్టు సంగతి

గన్ సరిగ్గా దిగడం లేదని బాధపడేవాళ్లలో చాలామందికి అసలు తేడా గన్‌లో కాదు, వైరులో ఉంటుంది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

పెట్టె మీద 1,800 వాట్లో 2,000 వాట్లో రాసి ఉంటుంది. మేకు కొట్టే ఆ క్షణంలో అడిగే కరెంటు అది. 1,800 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు. మన గోడల మీది చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. కాబట్టి గీజరుకో ఏసీకో పెట్టిన 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు వాడండి. సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి, దాన్ని ఇంకో బాక్సుకు తగిలించి, హాలు దాటి బాల్కనీ దాకా లాగితే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. గన్ చప్పుడు చేస్తుంది కానీ మేకు సగం పైకే నిలబడుతుంది. ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుది తీసుకోండి, ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. చక్రానికి చుట్టిన వైరయితే మొత్తం విప్పి వాడండి. చుట్టగా ఉంటే వేడెక్కుతుంది.

ప్లగ్గు కూడా చూడండి. కొన్ని గన్‌లు మన సాకెట్టుకు సరిపడని చదును పిన్నులతో వస్తాయి, వాటికి కన్వర్టర్ తగిలించి వాడుతుంటారు. ఆ వదులు కాంటాక్టు దగ్గర మెరుపులొస్తాయి. ఎలక్ట్రీషియన్‌తో మన ప్లగ్గు మార్పించుకోవడం మేలు. ఇంటి ఇన్వర్టర్ మీద ఈ గన్ నడపకండి. కరెంటు పోతే పని ఆపి, ప్లగ్గు తీసేయండి, వచ్చాక మొదలుపెట్టండి. తడి నేల మీద, వాన జల్లు పడే బాల్కనీలో ఈ పని వద్దు.

మీ ఒళ్లు, ఇంట్లో పిల్లలు

కళ్లజోడు ఉంది కదా అని ఊరుకోవద్దు, పక్కలు కూడా మూసే సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోండి. చెవుల్లో ఇయర్ ప్లగ్గులు, కాళ్లకు మూసిన బూట్లు. పిల్లలు గదిలో ఉండకూడదు. బొమ్మల మెట్లు అనగానే పక్కన కూర్చుంటామని మారాం చేస్తారు, వాళ్లకు పెయింటు పని దాచిపెట్టండి.

చెక్కను పట్టుకున్న చెయ్యి మేకు దిగే చోటుకు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఎఫ్30 మేకు పొడవు 3 సెంటీమీటర్లే కదా అనుకోవద్దు. చెక్కలో ముడి తగిలితే మేకు వంకర తిరిగి పక్కనుంచి బయటికొస్తుంది, వేలు అక్కడుంటే అందులోకే దిగుతుంది. గన్ ముక్కు కింద చిన్న సేఫ్టీ ఉంటుంది, దాన్ని చెక్కకు నొక్కితేనే గన్ మేకు కొడుతుంది. దాన్ని టేపుతో కట్టేసి వాడేవాళ్లను చూసి నేర్చుకోకండి. ట్రిగ్గర్ మీద వేలు కొట్టేటప్పుడే ఉండాలి, గన్ పట్టుకుని నడిచేటప్పుడు ఉండకూడదు.

ఒకవేళ మేకు లోతుగా దిగినా, కీలు దగ్గరో కంటి దగ్గరో గుచ్చుకున్నా ఇంట్లో పీకే ప్రయత్నం చేయకండి. అలాగే ఉంచి, కదలకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి వెళ్లండి. టెటనస్ ఇంజెక్షన్ సంగతి డాక్టరుకు గుర్తుచేయండి.

షీటు కోత

మెట్లు 90 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు. ఎత్తులు 20, 40, 60 సెంటీమీటర్లు. మూడు విడి పెట్టెలు చేసి ఒకదాని వెనక ఒకటి పెడితే మూడు మెట్లవుతాయి. ఒక్కో పెట్టెకు పైపలక, ముందుపలక, రెండు పక్కపలకలు ఉంటాయి. వెనక, కింద ఖాళీయే.

ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు ఒకటి చాలు. మొదట షీటు పొడవునా 90 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కోయించండి. అందులో 20 సెంటీమీటర్ల పైపలకలు మూడు, ఆ తర్వాత 18.8, 38.8, 58.8 సెంటీమీటర్ల ముందుపలకలు ఒక్కొక్కటి వస్తాయి. పైపలక మందం 1.2 సెంటీమీటర్లు వాటి మీద కూర్చుంటుంది కాబట్టి ఎత్తుల్లో అంత తగ్గించాం. మిగిలిన సన్న పట్టీని 18.8 సెంటీమీటర్ల వెడల్పుకు కోసి, దాన్నుంచి అవే మూడు ఎత్తుల్లో రెండేసి పక్కపలకలు తీయాలి. ఇవన్నీ కలిపితే 232.8 సెంటీమీటర్లు. షీటు పొడవు 244, రంపం తినే పొట్టు పోగా కూడా సరిపోతుంది. చేతి రంపంతో ఇంత పొడుగు కోతలు తిన్నగా రావు. ప్లైవుడ్ కొన్న చోటో దగ్గర్లోని కటింగ్ మిషను దగ్గరో కాగితం మీద ఈ కొలతలు గీసిచ్చి కోయించుకోండి.

వీటికి తోడు 25 బై 25 ఎంఎం పైన్ రీపర్లు ఓ 12 మీటర్లు తీసుకోండి. రీపర్ ఎందుకంటారా? 12 ఎంఎం ప్లై అంచులోకి మేకు కొట్టడం కొత్త చేతికి కష్టం. కాస్త వాలితే చాలు, మొన పక్కకు పొడుచుకొస్తుంది. పైగా ప్లై అంచులో పొరల మధ్యకు దిగిన మేకు సరిగ్గా పట్టదు. మూలల్లో లోపలివైపు రీపర్ పెట్టి, ప్లై మీదుగా రీపర్‌లోకి కొడితే మేకుకు చోటు దొరుకుతుంది, జిగురుకు వెడల్పు దొరుకుతుంది. మేకు ఎప్పుడూ పలుచటి చెక్కలోంచి మందం చెక్కలోకి వెళ్లాలి. ఎఫ్30 అయితే 12 ఎంఎం ప్లై దాటి 18 ఎంఎం రీపర్‌లో దిగుతుంది. మనకు అది చాలు.

మేకులు నింపి, తునక మీద కొట్టి చూడండి

ప్లగ్గు పెట్టకుండానే మేకులు నింపాలి. వెనక లాకు నొక్కి మ్యాగజైన్ (మేకులు కూర్చునే అర) లాగితే పట్టాలు కనిపిస్తాయి. మేకుల పట్టీని మొనలు ముక్కు చివర వైపు ఉండేలా పెట్టండి. స్టేపుల్ కూడా తీసుకునే గన్‌లో బ్రాడ్ మేకులు పట్టాకు ఒక పక్కకే ఆనాలి. ఏ పక్కకో మ్యాగజైన్ మీద బొమ్మ గీసి ఉంటుంది. తప్పు పక్క పెడితే మొదటి దెబ్బకే ఇరుక్కుంటుంది. టక్కుమని లాకు పడేదాకా మూయండి.

ఇప్పుడు ప్లగ్గు పెట్టి, అసలు పలక జోలికి పోకుండా, మిగిలిన ప్లై ముక్క కింద రీపర్ ముక్క పెట్టి కొట్టి చూడండి. పవర్ తిప్పే నాబ్ ఉంటే మధ్యలో మొదలుపెట్టండి. మేకు తల ప్లై ఉపరితలానికి ఒక మిల్లీమీటరు లోపలికి దిగితే సరైన అమరిక. పైకి నిలిస్తే పవర్ పెంచండి, మరీ లోతుగా దిగి గుంట పడితే తగ్గించండి.

కొట్టే తీరు ముఖ్యం. గన్ ముక్కు చెక్కకు నిట్టనిలువుగా ఆనించండి. కడ్డీ కిందికి దూకినప్పుడు గన్ పైకి తంతుంది. ఆ తన్నుకు ముక్కు లేస్తే మేకు పూర్తిగా దిగదు. అందుకని ఒక చెయ్యి పిడి మీద, ఇంకో అరచెయ్యి గన్ తల మీద పెట్టి గట్టిగా అదమండి. ట్రిగ్గర్ ఒకసారి నొక్కి, వదిలి, అప్పుడు గన్ ఎత్తండి. దిగని మేకు మీద గన్ మళ్లీ పెట్టి ఇంకో దెబ్బ కొట్టకండి. రెండో మేకు మొదటిదాని మీద పడి ఎటుపోతుందో తెలియదు. పైకి మిగిలిన తలను సన్న పంచ్ (మేకు తల దింపే ఇనుప కడ్డీ) ఆనించి సుత్తితో దింపండి.

ఇంకొకటి. బ్రాడ్ మేకు మొన గుండ్రంగా సూదిలా ఉండదు, చదునుగా చెక్కి ఉంటుంది. గట్టి చార తగిలినప్పుడు మేకు సాధారణంగా గన్‌కు ఎడమకో కుడికో తిరుగుతుంది. కాబట్టి సన్న రీపర్ మీద కొట్టేటప్పుడు గన్ బాడీ రీపర్‌కు అడ్డంగా ఉండాలి. అప్పుడు మేకు తిరిగినా రీపర్ పొడవునా లోపలే ఉండిపోతుంది. తునక మీద రెండు రకాలుగానూ కొట్టి, చీల్చి చూడండి, మీ గన్ స్వభావం తెలిసిపోతుంది.

పెట్టె కట్టడం

చిన్న పెట్టెతో మొదలుపెట్టండి. ముందుపలక లోపలివైపు రెండు చివర్లా నిలువు రీపర్లు రావాలి. పక్కపలక మందం కోసం చివరినుంచి 12 ఎంఎం వదిలి రీపర్ పెట్టాలి. పైఅంచు వెంట ఇంకో రీపర్ అడ్డంగా పెట్టండి. మేకు కొట్టేది బయటినుంచి, అక్కడినుంచి రీపర్ కనిపించదు. అందుకే బయటివైపు అంచుకు 2.5 సెంటీమీటర్ల దూరంలో పెన్సిల్ గీత గీసుకోండి. నిలువు రీపర్ మధ్యభాగం సరిగ్గా ఆ గీత కింద ఉంటుంది. పైఅంచు రీపర్‌కు 12 ఎంఎం వదలక్కర్లేదు కనుక గీత 1.25 సెంటీమీటర్ల దగ్గర.

రీపర్‌కు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు సన్నగా, అంతటా పరిచినట్టు రాయండి. స్థానంలో పెట్టి, చేత్తో కొంచెం అటూ ఇటూ రుద్దితే గాలి పోయి అంటుకుంటుంది. జిగురు తడిగా ఉన్నప్పుడు చెక్క జారుతుంది, టెన్షన్ పడకండి. మొదటి మేకు ఒక చివర, రెండోది ఇంకో చివర కొట్టేస్తే ఇక కదలదు. తర్వాత మధ్యలో 8 నుంచి 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కొట్టుకుంటూ వెళ్లండి. రీపర్ కొసకు 2.5 సెంటీమీటర్ల లోపు మేకు పడితే చెక్క చీలుతుంది. ఒక మేకు కొంచెం ఇటు, తర్వాతిది కొంచెం అటు వాల్చి కొడితే పలక ఊడి రావడం కష్టం. వాలు కొద్దిగా చాలు.

అంచు నుంచి పిండుకుని వచ్చిన జిగురును తడిగుడ్డతో అప్పుడే తుడిచేయండి. ఆరితే దాని మీద పాలిష్ గానీ రంగు గానీ సరిగ్గా పట్టదు.

ఇప్పుడు పక్కపలకలు. పలక ముందంచుకు, నిలువు రీపర్ పక్క ముఖానికి జిగురు రాసి ఆనించండి. బయట అంచుకు 1.25 సెంటీమీటర్ల దగ్గర గీత గీసి కొట్టండి. ఈ రీపర్‌లో ముందుపలక నుంచి వచ్చిన మేకులు ఇప్పటికే ఉన్నాయి. సరిగ్గా ఆ ఎత్తులోనే కొడితే మేకుకు మేకు తగిలి వంగుతుంది, కాబట్టి వాటికి కాస్త పైనో కిందో కొట్టండి. పక్కపలకల పైఅంచు లోపల కూడా చిన్న రీపర్ ముక్క వేయండి.

వెనకవైపు పైన ఒకటి, కింద ఒకటి అడ్డ రీపర్లు రెండు పక్కపలకల మధ్య బిగించాలి. ఇక్కడ మేకులు వద్దు. రీపర్ కొసలోకి దిగిన మేకుకు పట్టు ఉండదు, పెట్టెను వెనకనుంచి ఎత్తేటప్పుడు లాగుడంతా దాని మీదే పడుతుంది. 3 ఎంఎం బిట్‌తో రంధ్రం చేసి, జిగురు రాసి, 50 ఎంఎం స్క్రూలు వేయండి.

పైపలక బిగించేముందు ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపు పెట్టి కొలవండి. ఇలా అడ్డంగా తీసిన రెండు కొలతలూ సమానంగా వస్తేనే పెట్టె చదరంగా ఉన్నట్టు. తేడా ఉంటే పొడుగొచ్చిన మూలను కొంచెం నొక్కితే సర్దుకుంటుంది. ఈ పని జిగురు తడిగా ఉండగానే చేయాలి. ఆ తర్వాత పైపలక పెట్టి, చుట్టూ రీపర్ల మీదుగా కొట్టండి.

మిగతా రెండు పెట్టెలూ ఇంతే. పెద్దదానికి నిలువు రీపర్లు పొడుగు. గన్ ఒంటి మీద చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి. బాగా వేడెక్కితే ప్లగ్గు తీసి పక్కన పెట్టి, తర్వాతి పెట్టెకు జిగురు రాసుకోండి. చల్లబడేదాకా ఆగడం వల్ల పోయేదేమీ లేదు, కాయిల్ కాలితే మాత్రం గన్ పోయినట్టే. మేకులు అయిపోయాక ఖాళీగా కొట్టడం కూడా లోపలి బ్లేడుకు మంచిది కాదు.

మేకు ఇరుక్కుంటే, బయటికొస్తే

ట్రిగ్గర్ నొక్కినా మేకు రాకపోతే మొదట చేయాల్సింది ప్లగ్గు పీకడం. ముక్కులోకి తొంగి చూడటం, పుల్లతో పొడవటం ప్లగ్గు ఉండగా చేయకూడదు. మ్యాగజైన్ లాగి, మిగిలిన పట్టీ తీసేసి, వంగిన మేకును సన్న ముక్కు ప్లేయర్‌తో బయటికి లాగండి. మళ్లీ మళ్లీ ఇరుక్కుంటుంటే మేకుల పట్టీ తుప్పు పట్టిందేమో, జిగురు ఊడి మేకులు విడిపోయాయేమో చూడండి. గాలి గన్‌లలో నూనె చుక్కలు వేస్తారు కదా అని ఇందులో వేయకండి. నూనెకు రంపపు పొట్టు అతుక్కుని ముద్ద కడుతుంది.

మేకు మొన పక్కనుంచి పొడుచుకొస్తే, దాన్ని వెనక్కి కొట్టాలని చూడకండి, చెక్క పెచ్చు లేస్తుంది. బయటికొచ్చిన మొనను కటింగ్ ప్లేయర్‌తో పట్టి అటువైపే లాగేయండి. తల చాలా చిన్నది, చెక్కలోంచి జారి వచ్చేస్తుంది. రాకపోతే మట్టంగా కత్తిరించి, పంచ్‌తో లోపలికి దింపండి.

టేకు, తుమ్మ, మద్ది లాంటి గట్టి కలప మీద ఎఫ్30 సగమే దిగితే ఆశ్చర్యపడకండి. అక్కడ పలుచటి బీడింగును (అంచు పట్టీని) ఎఫ్20తో బిగించడం వరకే ఈ గన్ పని. సన్‌మైకా అతికించిన పలక మీద పైనుంచి కొడితే పెచ్చులు లేస్తాయి, మేకు పని అయ్యాకే సన్‌మైకా అతికించాలి.

రంగు, ఆ తర్వాత

పెట్టెలను రాత్రంతా కదపకుండా వదిలేయండి. బొమ్మలు పేర్చడం మాత్రం 24 గంటలు గడిచాకే. మేకు గుంటల్లో వుడ్ పుట్టీ వేలితో నొక్కి, కొంచెం ఉబ్బెత్తుగా వదలండి. ఆరితే కుంగుతుంది కాబట్టి. తర్వాత 180 నంబరు ఎమరీ కాగితంతో రుద్దితే మట్టమవుతుంది. రంగు వేసేటట్టయితే ఏ పుట్టీ అయినా పరవాలేదు. పాలిష్ చేయించే పనికి మాత్రం చెక్క రంగుకు కలిసే పుట్టీ వాడాలి, లేకుంటే ప్రతి మేకూ చుక్కలా కనబడుతుంది. ఇంటి బయట పెట్టే వస్తువుకు ఈ ప్లైవుడ్, తెల్ల జిగురు రెండూ పనికిరావు.

మూడు పెట్టెలూ ఒకదాని వెనక ఒకటి ఆనించి, వెనకవైపున రీపర్లకు తాడుతో కలిపి కట్టండి. పిల్లలు చెయ్యి వేసినా విడిపోవు. గన్ దాచేముందు మ్యాగజైన్‌లో మిగిలిన మేకులు తీసేయండి, ప్లగ్గు వైరు మెలి లేకుండా చుట్టి, పిల్లలకు అందని అటక మీద పెట్టండి. మేకుల పట్టీలను మాత్రం మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి, పైన సైజు రాసి పెట్టుకోండి. వానాకాలం తేమకు తుప్పు పట్టిన పట్టీ వచ్చే ఏడు మొదటి దెబ్బకే ఇరుక్కుంటుంది.